మీ ఊళ్ళో 20 మంది పిల్లలతో క్రికెట్ బ్యాచ్ మొదలుపెట్టడం ఎలా

"మా ఊళ్ళో అకాడమీ లేదు సార్, హైస్కూల్ గ్రౌండు ఉంది, ఓ ఇరవై మంది పిల్లలు వస్తామంటున్నారు, నేను కాలేజీ రోజుల్లో టీమ్‌కి ఆడినవాణ్ణే, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న నెలకు నలుగురైదుగురు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పే బదులు ఒకేచోట రాసేస్తే మేలనిపించింది. ఇది 8 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు శని, ఆదివారాల్లో పొద్దున్నే నడిపే బ్యాచ్ కోసం. పిల్లల్ని రంజీకి తయారుచేయడం గురించి ఇందులో ఏమీ లేదు, ఆ వయసులో దాని గురించి ఆలోచించక్కర్లేదు కూడా.

మొత్తం చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి: ఈ పూట ఒక్కో పిల్లవాడికి ఎన్ని బంతులు అందాయి? మా బ్యాచ్ మొదటి ఏడాది 24 మంది, ఒకటే నెట్టు (చుట్టూ వల కట్టిన ప్రాక్టీసు పిచ్). ఒక ఆదివారం ఎందుకో అనుమానమొచ్చి, ఆరో తరగతి పిల్లాడొకణ్ణి చూస్తూ పక్కన కూర్చుని లెక్కపెట్టాను. రెండు గంటల్లో వాడు ఆడింది 11 బంతులు, వేసింది 9. మిగతా సమయమంతా నెట్టు వెనకాల నిలబడి బ్యాటుతో మట్టిలో గీతలు గీస్తూ గడిపాడు. దసరా సెలవుల తర్వాత తొమ్మిది మంది రావడం మానేశారు. పిల్లలు ఫోన్లకు అలవాటు పడిపోయారని నేను ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. కానీ వాళ్ళకు నా దగ్గర ఆట దొరకలేదు, అందుకే వెళ్ళిపోయారు. అది అర్థం కావడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

కావలసినవి

- టెన్నిస్ బంతులు 30. తక్కువైతే పిల్లలు ఆడేదానికంటే బంతులు వెతికేదే ఎక్కువవుతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు టోర్నమెంట్లలో వాడి పడేసినవైనా పర్వాలేదు.
- చిన్న సైజు తోలు బంతులు 6. ఇవి మొదటి రోజే అక్కర్లేదు.
- బ్యాట్లు 6, వేర్వేరు సైజుల్లో. కాశ్మీర్ విల్లో చెక్కతో చేసినవి చాలు.
- స్టంపులు నాలుగు సెట్లు. కొనలేకపోతే ఇటుకలు, పాత కుర్చీలు.
- హెల్మెట్లు 2, ప్యాడ్లు, గ్లౌజులు రెండేసి జతలు. ఎల్-గార్డు (పొత్తికడుపు కింద దెబ్బ తగలకుండా లోపల పెట్టుకునేది) మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.
- ముగ్గుపిండి లేదా సున్నం, కొలిచే టేపు, ఒక విజిల్, ఒక నోటుపుస్తకం.
- మంచినీళ్ళ క్యాను, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఐసు పెట్టుకోవడానికి థర్మోకోల్ డబ్బా, దూది, బ్యాండేజీ.
- మీతో పాటు ఇంకో పెద్దమనిషి. ఇది తప్పనిసరి. ఒక్కరే 20 మందిని చూడలేరు, పైగా ఎవరికైనా దెబ్బ తగిలి మీరు ఆస్పత్రికి పరిగెడితే మిగతా 19 మంది దగ్గర ఎవరుంటారు?

నెట్టు జాబితాలో పెట్టలేదు, గమనించారా? ఉంటే మంచిదే, లేకపోయినా బ్యాచ్ నడుస్తుంది. ఉన్న డబ్బంతా నెట్టుకీ సిమెంటు పిచ్‌కీ పోసేసి, బంతులు కొనడానికి ఏమీ మిగలక చేతులెత్తేసిన వాళ్ళను చూశాను.

1. గ్రౌండుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి

హెడ్మాస్టరు గారు "ఆడుకోండయ్యా" అన్నారు కదా అని మొదలుపెట్టకండి. ఆయన బదిలీ అయిన మర్నాడు గేటుకు తాళం పడుతుంది. రోజులు, టైము, బాధ్యుల పేర్లతో ఒక అర్జీ రాసి, సంతకం, స్టాంపు వేయించుకుని, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పీఈటీ సార్‌ని మొదటి నుంచీ కలుపుకోండి, ఆయన్ని కాదని నడిపిన బ్యాచ్ ఏదీ నిలబడగా నేను చూడలేదు. ఉదయం 6 నుంచి 8 వరకు మంచి టైము. సాయంత్రమైతే అదే గ్రౌండులో పెద్దవాళ్ళ మ్యాచ్‌లుంటాయి, వాళ్ళు కొట్టిన బంతి మీ పిల్లలకు తగులుతుంది.

గ్రౌండు దొరక్కపోతే? కళ్ళం, ఖాళీ ప్లాటు, కల్యాణమండపం వెనక స్థలం, ఏదైనా సరే 40 అడుగుల పొడవు గోడ ఒకటి ఉంటే చాలు. గోడకు బంతి కొట్టి పట్టుకునే పిల్లవాడికి అరగంటలో వచ్చే బంతులు నెట్టులో వారమంతా రావు.

2. పేర్లు రాసుకునేటప్పుడే పుట్టినతేదీ చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత ఏడుస్తారు. మన ఊళ్ళలో బడిలో వేసేటప్పుడు అయ్యవారు నోటికొచ్చిన తేదీ రాసేయడం మామూలే, అందుకే సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టి ఉంటారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, స్కూలు రికార్డులో ఇంకొకటి. జిల్లా సెలక్షన్ రోజున ఇది బయటపడితే పిల్లవాడు గేటు దగ్గర నుంచే వెనక్కి రావాలి. ఎనిమిదో ఏటే సరిచేయించమని చెప్పండి, ఎలాగో మీసేవలోనో సచివాలయంలోనో అడిగి కనుక్కోమనండి.

హెచ్చరిక: "రెండేళ్ళు తగ్గించి వేయిద్దాం సార్, అందరూ చేస్తున్నదే" అనే తల్లిదండ్రులు తప్పకుండా వస్తారు. ఒప్పుకోవద్దు. అండర్-16 అబ్బాయిలకు బీసీసీఐ ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముకల వయసు లెక్కగడుతుంది. వయసు దొంగలెక్క అని తేలితే రెండేళ్ళ నిషేధమని 2020లోనే ప్రకటించింది. అంతకంటే ముఖ్యమైనది, మీ బ్యాచ్‌లోనే 13 ఏళ్ళవాడు 11 అని చెప్పి బౌలింగ్ వేస్తే, ఎదురుగా ఉన్న అసలు పదకొండేళ్ళవాడు బంతికి భయపడడం నేర్చుకుంటాడు. ఆ భయం పోగొట్టడం చాలా కష్టం.

3. పిచ్ చిన్నది చేయండి

పెద్దవాళ్ళ పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు అంత దూరం బంతి వేయాలంటే ఆకాశంలోకి విసరాలి, లేదా చెయ్యి వంచి గిరాటెయ్యాలి. రెండూ అలవాటైతే వదలవు. ఆస్ట్రేలియాలో చిన్న పిల్లల మ్యాచ్‌లు 16 మీటర్ల పిచ్ మీద, ఆ పై దశవి 18 మీటర్ల మీద పెడతారు, బౌండరీ కూడా దగ్గరికి జరుపుతారు. మనకున్న మట్టి గ్రౌండులో ముగ్గుపిండితో ఇంకో గీత గీయడానికి ఖర్చేముంది? 8-10 ఏళ్ళకు 16 మీటర్లు, 11-12కు 18, ఆపైన పూర్తి పిచ్. ఒళ్ళు ఎదగని పదమూడేళ్ళవాడికి 18 మీటర్లే ఉంచండి, వయసు కంటే వాడి ఎత్తు, బలం చూడండి.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి: మామూలుగా వేసే పిల్లవాడి చేత పది బంతులు వేయించండి. కనీసం ఆరు బంతులు ఒక్కసారే నేలకు తగిలి స్టంపుల దాకా రావాలి. రాకపోతే ఇంకో మీటరు తగ్గించండి. "ఇది గల్లీ క్రికెట్‌లా ఉంది సార్" అని తండ్రులు నొచ్చుకుంటారు, వాళ్ళకు ఈ పది బంతుల లెక్క చూపిస్తే సరి.

4. పిల్లల్ని నాలుగు గుంపులు చేయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇక్కడ తొందరపడకండి. 20 మందిని ఐదేసి మంది చొప్పున నాలుగు గుంపులు చేయండి. గ్రౌండులో నాలుగు చోట్ల నాలుగు పనులు. 15 నిమిషాలకోసారి విజిల్, గుంపు పక్క చోటికి జరుగుతుంది.

మొదటి చోట నెట్టు (లేకపోతే గోడ ముందు): ఒకడు బ్యాటింగ్, నలుగురు బౌలింగ్. ఒక్కొక్కరికి మూడు నిమిషాల బ్యాటింగ్, అవుటైనా సరే మూడు నిమిషాలూ వాడివే. ఒక్కొక్కడికి 15 నుంచి 18 బంతులు వస్తాయి. రెండో చోట టెన్నిస్ బంతిని చేతి కింద నుంచి మెల్లగా వేస్తే ముందుకొచ్చి డ్రైవ్ కొట్టడం, ఒకడు వేస్తాడు, ఒకడు కొడతాడు, ముగ్గురు ఆపుతారు, 12 బంతులకోసారి మార్పు. మూడో చోట బ్యాటే ఉండదు, క్యాచ్‌లు, కింద బంతి ఆపి స్టంపుకు గురిపెట్టడం. నాలుగో చోట బ్యాట్స్‌మన్ లేకుండా స్టంపులకే బౌలింగ్, గుడ్ లెంగ్త్‌లో (బ్యాట్స్‌మన్ ముందుకు రావాలో వెనక్కి వెళ్ళాలో తేల్చుకోలేని చోట) ఒక పాత గోనెసంచి పరిచి దాని మీద పడితే రెండు మార్కులు, స్టంపుకు తగిలితే మూడు.

ఇలా గంట నడిస్తే ఒక్కో పిల్లవాడు దాదాపు 30 బంతులు ఆడి, 30కి పైగా వేసి, మరో 30 పట్టుకుని ఉంటాడు. పదకొండు బంతుల ఆ ఆదివారంతో పోల్చి చూడండి. చివరి 20 నిమిషాలు తప్పకుండా మ్యాచ్ పెట్టండి. వాళ్ళు పొద్దున్నే లేచి వచ్చేది దానికోసమే. ఆలస్యమైందని మ్యాచ్ కోసేసి రన్నింగ్ చేయించడం, తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించడం మన పాత అలవాట్లు. పరుగును శిక్షగా వాడితే పిల్లలు పరుగునే అసహ్యించుకుంటారు.

మీకు సాయం ఒక్కరే ఉంటే, మీరు నెట్టు దగ్గర, ఆయన క్యాచ్‌ల దగ్గర. మిగతా రెండూ 13-14 ఏళ్ళ పిల్లల్లో పెద్దమనసున్న వాళ్ళకు అప్పగించండి. చిన్నవాళ్ళు వాళ్ళ మాట మన మాట కంటే బాగా వింటారు.

సాధారణంగా జరిగే తప్పు: బాగా ఆడేవాడికి అరగంట, ఆడలేనివాడికి రెండు ఓవర్లు. "వాడిలో స్టఫ్ ఉంది" అని మనకు తెలియకుండానే ఇటు మొగ్గుతాం. పదేళ్ళప్పుడు బాగా ఆడేవాడు చాలాసార్లు తోటివాళ్ళకంటే ముందుగా ఎదిగినవాడే. పదిహేనేళ్ళకు మిగతావాళ్ళూ అంత ఎత్తు అవుతారు, అప్పుడు చూద్దామంటే వాళ్ళు మీ దగ్గర ఉండాలి కదా.

5. బ్యాటు సరైన సైజుదేనా చూడండి

"పెరిగే పిల్లాడు కదా, పెద్దది కొన్నాం సార్." ప్రతి జూన్‌లోనూ వినే మాట ఇది. పిల్లవాణ్ణి బూట్లతో నిలబెట్టి, బ్యాటును కాలి పక్కన నిలువుగా పెట్టండి. హ్యాండిల్ పై కొస తుంటి మడత దగ్గరికి రావాలి, నడుము దాటితే పెద్దదన్నమాట. తర్వాత బరువు చూడాలి: కుడిచేతి ఆటగాడైతే ఎడమ చేత్తో మాత్రమే బ్యాటు పట్టుకుని, చెయ్యి చాపి భుజం ఎత్తుకు లేపి పది లెక్కపెట్టేదాకా ఉంచమనండి. చెయ్యి వణికితే ఆ బ్యాటు వద్దు. బరువైన బ్యాటుతో ఆడేవాడు కింది చేతి బలంతో ప్రతి బంతినీ లెగ్ సైడ్‌కి ఈడుస్తాడు, మనమేమో "స్ట్రెయిట్ ఆడరా" అని అరుస్తూ ఉంటాం. లోపం పిల్లవాడిది కాదు, బ్యాటుది.

గ్రిప్, స్టాన్సు గురించి ఒక పూటకు ఒక్క మాటే చెప్పండి. తల కదలకుండా ఉంచడం, బంతిని చివరిదాకా చూడడం, ఈ రెండూ మొదటి మూడు నెలలకు చాలు.

6. ఫాస్ట్ బౌలింగ్ వేసేవాళ్ళ ఓవర్లు లెక్కపెట్టండి

ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ప్యాట్ కమిన్స్ 2011లో 18 ఏళ్ళకే జొహన్నెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. రెండో టెస్టు ఆడింది 2017లో, మన రాంచీలో. మధ్యలో అన్నేళ్ళు వెన్ను గాయాలే ఎక్కువగా కూర్చోబెట్టాయి. ఆస్ట్రేలియా బోర్డు డాక్టర్లు కంటికి రెప్పలా చూసుకున్నవాడి పరిస్థితే అది. ఎదిగే వయసులో నడుం దగ్గరి ఎముక ఇంకా గట్టిపడదు, అదే చోట పదే పదే వంగి మెలితిరిగితే సన్నగా చిట్లుతుంది.

ఇంగ్లండ్ బోర్డు ఏళ్ళ తరబడి పాటించిన లెక్క మనకు బాగా పనికొస్తుంది: 13 ఏళ్ళలోపు ఫాస్ట్ బౌలరైతే ఒక స్పెల్‌కు (ఒక దఫాలో వరసగా వేసేవి) 5 ఓవర్లు, రోజుకు 10. అండర్-14, 15 అయితే స్పెల్‌కు 6, రోజుకు 12. నెట్టులో వేసినవీ మ్యాచ్‌లో వేసినవీ కలిపి లెక్కపెట్టుకోండి. మీకు తెలియకుండా పోయేవి ఇంకో రకం ఓవర్లు, సంక్రాంతికో ఎండాకాలం సెలవులకో ఊరూరా జరిగే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. బాగా వేసే పిల్లాణ్ణి పెద్దవాళ్ళు బైకు మీద ఎక్కించుకుపోయి ఒకే రోజు నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తారు. సోమవారం వాడు నడుం పట్టుకుని వస్తాడు. వెళ్ళొద్దని తిడితే మీకు చెప్పకుండా వెళ్తాడు. "వెళ్ళు, కానీ ఎన్ని ఓవర్లు వేశావో వచ్చి చెప్పు" అంటే నిజం చెబుతాడు, నాకు ఇది బాగా పనిచేసింది.

చూసుకోవాల్సింది: వెనక్కి వంగినప్పుడు నడుంలో ఒకే పక్క నొప్పి అంటే ఆ రోజు నుంచే బౌలింగ్ బంద్. నొప్పిమాత్ర వేసి ఆడించకండి. ఎముకల డాక్టరుకు చూపించేదాకా బ్యాటింగ్, క్యాచ్‌లు కూడా ఆపేయండి. బౌలింగ్ యాక్షన్ విషయంలో ఒక్కటి చూడండి, వెనక కాలు నేల మీద పడేటప్పుడు భుజాలూ తుంటీ ఒకే దిక్కుకు ఉన్నాయా? ఫోన్లో స్లో మోషన్‌లో పక్క నుంచి, వెనక నుంచి తీయండి. భుజాలు ఒక వైపు, తుంటి ఇంకోవైపు ఉంటే నడుం మీద భారం పడుతుంది. ఎలా సరిచేయాలో మీకు తెలియకపోతే చెయ్యి పెట్టకండి, తెలిసిన కోచ్‌కి ఆ వీడియో పంపండి.

7. తోలు బంతి ఎప్పుడు?

తొందరేమీ లేదు. భారత జట్టు ఫాస్ట్ బౌలర్ సిరాజ్ హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితోనే పెరిగాడు, తర్వాతే తోలు బంతి పట్టాడు. టెన్నిస్ బంతిని భయపడకుండా ముందుకొచ్చి ఆడుతున్నాడంటే అప్పుడు మార్చండి, మామూలుగా 11-12 ఏళ్ళకు. అప్పుడైనా పెద్దవాళ్ళ బంతి ఇవ్వకండి. అది 155.9 నుంచి 163 గ్రాములు, 13 ఏళ్ళలోపు వాళ్ళకు 133-144 గ్రాముల బంతి వేరే ఉంది. షాపులో నాలుగు ముప్పావు ఔన్సుల బంతి అని అడగండి. చవగ్గా దొరుకుతుందని కార్క్ బాల్ మాత్రం కొనకండి, అది రాయిలా తగులుతుంది.

తోలు బంతి వచ్చిన రోజు నుంచి హెల్మెట్ లేనిదే బ్యాటింగ్ లేదు, దగ్గర నుంచి చేత్తో విసిరే త్రోడౌన్లకైనా సరే, స్టంపుల దగ్గర నిలబడే కీపరుకైనా సరే. హెల్మెట్ పెట్టి బంతిని జాలీకీ అంచుకీ మధ్య నెట్టి చూడండి, దూరకూడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్ళీ వాడకండి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు "ఏం కాలేదు సార్" అన్నా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. వాంతి, మత్తు, తలనొప్పి, మాట తడబడడం వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి.

8. అమ్మాయిలు రావాలంటే

"అమ్మాయిలు ఎవరూ రావట్లేదు సార్" అంటారు. ముందు బాత్రూమ్ తాళం చెవి తెప్పించండి. నిజంగానే చెబుతున్నాను, మా దగ్గర ఇద్దరమ్మాయిలు మానేసింది అందుకే, అది మాకు చెప్పడానికి కూడా వాళ్ళు సిగ్గుపడ్డారు. ఒక అమ్మో, లేడీ టీచరో గ్రౌండులో కూర్చునేలా చూడండి. ఒక్క అమ్మాయినే కాకుండా కనీసం ముగ్గుర్ని ఒకేసారి చేర్చండి. పిల్లలు ఎవరైనా సరే, ఒంటరిగా ఏ పెద్దవాళ్ళ బండి మీదా పంపకండి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు అందరికీ కనిపించేలా రాసిపెట్టండి.

తల్లిదండ్రులు వెనకాడితే పేర్లు చెప్పండి. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టింది, ఆ టోర్నీలో అదే మొట్టమొదటి సెంచరీ. అదే ఏడాది సీనియర్ మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి ఉంది, ఆమె క్రికెట్‌లోకి రాకముందు వేరే ఆటలు ఆడినమ్మాయి. కాబట్టి పదమూడేళ్ళకు వచ్చిన అమ్మాయిని "లేటయింది" అని పంపేయకండి. ఖోఖో ఆడే పిల్లలు ఫీల్డింగ్‌లో అబ్బాయిల్ని దాటేస్తారు, నేను రోజూ చూస్తున్నాను.

9. ఎండ, పిడుగు

మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే టైము ఉదయం 5:45కు మార్చండి, 7:30కల్లా ఇళ్ళకు పంపండి. 20 నిమిషాలకోసారి అందరూ నీళ్ళు తాగాలి, దాహం వేసినా వేయకపోయినా. మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ చాలు, రంగు డ్రింకులు వద్దు. ఖాళీ కడుపుతో రానివ్వకండి, ఒక అరటిపండు తిని రమ్మనండి, అయ్యాక ఉడికిన గుడ్డో పల్లీ ఉండో.

వానాకాలం ముందు వచ్చే ఉరుముల్ని తేలిగ్గా తీసుకోకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టేలోపు శబ్దం వచ్చిందంటే అందరూ తరగతి గదిలోకి, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్ళీ గ్రౌండులోకి.

10. మ్యాచ్‌లు, సెలక్షన్లు, డబ్బు అడిగేవాళ్ళు

నెలకో మ్యాచ్ పక్క ఊరి పిల్లలతో పెట్టండి. 12 ఏళ్ళలోపు వాళ్ళకు జంటలుగా బ్యాటింగ్: ప్రతి జంటా నాలుగు ఓవర్లు ఆడుతుంది, అవుటైతే ఐదు పరుగులు కోత, ఎండ్ మారతారు, ఆట ఆగదు. కీపరు తప్ప అందరూ రెండు ఓవర్లైనా వేయాలి. అవతలి కోచ్‌తో ముందురోజే ఒప్పుకోండి, టాస్ దగ్గర గొడవ వద్దు.

పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి తల్లిదండ్రులు సెలక్షన్ల గురించి అడుగుతారు. ఆంధ్రలో అయితే ఏసీఏ (ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్) కింద జిల్లా సంఘాలు, తెలంగాణలో హెచ్‌సీఏ (హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్). ట్రయల్స్ తేదీలు జిల్లా సంఘాన్నే అడిగి తెలుసుకోండి, వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లను నమ్మకండి. "స్టాండ్‌బైలో (రిజర్వు ఆటగాళ్ళ జాబితాలో) పేరు వేయిస్తా, ఇంత అవుతుంది" అన్నవాడికి మా దగ్గరి తండ్రి ఒకాయన రెండెకరాల కౌలు డబ్బు ఇచ్చాడు. పేరు రాలేదు, డబ్బు రాలేదు, పిల్లవాడు ఆటే మానేశాడు. ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దని మొదటి మీటింగులోనే చెప్పండి.

ఇంకో మాట కూడా ఆ మీటింగులోనే చెప్పండి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కోసం వాళ్ళ నాన్న ఉద్యోగం వదిలేశారు, కొడుకు మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు, ఆ రోజు స్టాండులో ఆయన కళ్ళనీళ్ళు మనమంతా చూశాం. ఆ తండ్రి మీద నాకు ఎంతో గౌరవం. కానీ అది చూసి పదేళ్ళ పిల్లవాణ్ణి బడి మాన్పిస్తానంటే ఆపండి. పదో తరగతి వచ్చే ఏడాది పూర్తిగా మానేయక్కర్లేదు, వారానికి ఒక్క పూట రమ్మనండి. ఆ ఒక్క పూట లేకే మన ఊళ్ళలో సగం మంది ఆటకు శాశ్వతంగా దూరమవుతున్నారు.

బ్యాచ్ బాగా నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

కప్పులు లెక్కపెట్టకండి. నోటుపుస్తకంలో నాలుగు రాయండి. నెలకోసారి ఎవరో ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని ఆ పూట వాడికి అందిన బంతులు (బ్యాటింగ్, బౌలింగ్, క్యాచ్‌లు కలిపి 80 దాటాలి). జూన్‌లో చేరిన 20 మందిలో మార్చికి ఎంతమంది ఉన్నారు. ఫాస్ట్ బౌలర్లు వారంలో వేసిన ఓవర్లు, ఎవరికైనా నొప్పి ఉందా. ఇక గోనెసంచి మీద 12 బంతుల్లో ఎన్ని పడ్డాయి, ఇది మూడు నెలలకోసారి చూస్తే చాలు, పిల్లలే ఎగబడి అడుగుతారు.

మొదటి అంకె తగ్గితే గుంపులు పెద్దవయ్యాయని అర్థం, ఇంకొకర్ని సాయానికి పిలవండి. రెండోది తగ్గితే మానేసినవాళ్ళ ఇంటికి వెళ్ళండి, ఫోన్ చేయకండి, వెళ్ళండి. మా దగ్గర ఒకడు బూట్లు చిరిగాయని రావడం మానేశాడు. అది కనుక్కోవడానికి నాకు వాళ్ళింటి అరుగు మీద పది నిమిషాలు పట్టింది, ఆ ఆదివారమే వాడు మళ్ళీ వచ్చాడు.